చాక్‌పీసులు రెండు, రైలు పాస్ ఒకటి

నన్ను అరెస్టు చేసింది 2023 ఫిబ్రవరి 14, మంగళవారం పొద్దున. తేదీ గుర్తుపెట్టుకోవడానికి కష్టపడక్కర్లేదు. ప్రేమికుల రోజున పట్టుబడ్డాడంటే ఏ పార్కులోనో అనుకున్నారట మా స్టాఫ్‌రూంలో. పార్కులో కాదు, కాజీపేట స్టేషన్‌లో, పట్టాల మీద.

అప్పట్లో హన్మకొండలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పేవాణ్ని. మాది స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర పల్లె. పొద్దున బండి మీద స్టేషన్ దాకా రావడం, తెలిసినవాళ్ల కిరాణా షాపు ముందు దాన్ని పెట్టడం, రైలెక్కి కాజీపేటలో దిగడం, అక్కడ షేర్ ఆటో పట్టుకొని ఫాతిమానగర్ మీదుగా హన్మకొండ. నెల పాస్ తీసుకుంటే బస్సు ఖర్చులో నాలుగో వంతు కూడా కాదు. ఎనిమిది నలభై ఐదుకు ప్రేయర్ బెల్లు. మూడు లేట్ మార్కులు పడితే ఒక రోజు జీతం కోత. నా జీతం పదమూడు వేలు. రాత్రిళ్లు గ్రూప్-4 ప్రభుత్వ ఉద్యోగాల పరీక్షకు చదువుకుంటున్నాను. రెండు నెలల కిందటే, 2022 డిసెంబరులో, నోటిఫికేషన్ పడింది.

మేము దిగే బండి చాలాసార్లు దూరపు ప్లాట్‌ఫాం మీదికి వచ్చేది. జనంతో పాటు వంతెన ఎక్కి దిగితే నాలుగు నిమిషాలు. అదే ప్లాట్‌ఫాం వైపు కాకుండా అవతలి తలుపులోంచి కిందికి దిగి, పట్టాలు దాటి, ఒకటో నంబరు ప్లాట్‌ఫాం అంచు పట్టుకొని పైకి ఎగబాకితే నలభై సెకన్లు. ఆ మూడు నిమిషాల పైచిలుకులో ఏముందని అడగొచ్చు. బయట నిండిన ఆటో ఒకటి కదలడానికి రెడీగా ఉంటుంది. అది తప్పితే తర్వాతిది నిండేదాకా కూర్చోవాలి. అంటే పోయేది మూడు నిమిషాలు కాదు, పావుగంట. ఈ లెక్కతో రెండేళ్లు పట్టాలు దాటాను. నాతోపాటు పదీ పదిహేను మంది దాటేవాళ్లు. పాల క్యాన్లవాళ్లు, డిగ్రీ పిల్లలు, మార్కెట్‌కు పోయేవాళ్లు. ఒకరికొకరం చెయ్యందించుకొని పైకి లాక్కునేవాళ్లం కూడా. రోజూ నాకు చెయ్యిచ్చే ఒకాయన పేరు నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ రోజు బండి పది నిమిషాలు లేటు. దిగాను, దాటాను, ప్లాట్‌ఫాం అంచు మీద రెండు చేతులూ ఆనించాను. పైనుంచి ఒక చెయ్యి వచ్చింది. రోజూ వచ్చే చెయ్యే అనుకొని పట్టుకున్నాను. పైకి లాగాక చూస్తే ఖాకీ చొక్కా.

"థాంక్స్ సార్" అన్నాను. ఇది కల్పించి రాస్తున్నది కాదు. నిజంగా అన్నాను.

ఆయన నవ్వలేదు. నా మోచేతి పైన పట్టుకున్నాడు. గట్టిగా ఏం కాదు, జాతరలో పిల్లాడు తప్పిపోకుండా పట్టుకున్నంత. కానీ వదల్లేదు. "సార్, బెల్లయితది" అన్నాను. "పక్కకు నిలబడున్రి" అన్నాడు. అప్పటికే స్తంభం పక్కన నలుగురు నిలబడి ఉన్నారు. ఇంకాసేపటికి తొమ్మిది మందిమి అయ్యాం. ఆర్పీఎఫ్ వాళ్లు ఆ వారమంతా పట్టాలు దాటేవాళ్లను పట్టుకుంటున్నారని మాలో ఒకడికి ముందే తెలుసు. తెలిసీ దాటాడు.

తొమ్మిది మందిని ఒక వరసలో ప్లాట్‌ఫాం పొడుగునా నడిపించారు. ముందొక కానిస్టేబుల్, వెనకొక కానిస్టేబుల్. బేడీలేం లేవు. బేడీలు లేకపోయినా వరసలో నడిస్తే చూసేవాళ్లకు అర్థమైపోతుంది. టీ స్టాల్ దగ్గర మా తొమ్మిదో తరగతి పిల్లాడు, వాళ్లమ్మతో. వాడు నన్ను చూడగానే అలవాటుగా నిటారుగా నిలబడి "గుడ్ మార్నింగ్ సార్" అన్నాడు. నేను వరసలోంచే "గుడ్ మార్నింగ్" అన్నాను. వాళ్లమ్మ వాడి తల అటు తిప్పేసింది.

గదిలో పొడుగాటి బెంచీ, ఒక టేబులు, గోడకు పట్టాలు దాటొద్దని హెచ్చరించే పోస్టరు. మమ్మల్ని ఆ పోస్టరు కిందే కూర్చోబెట్టారు. తిడతారు, గుంజీలు తీయిస్తారు, ఏ రెండు వందలో రాసి పంపేస్తారు అనుకున్నాను. నా టెన్షనంతా అటెండెన్స్ రిజిస్టర్ గురించే. గడియారం చూస్తూ ఏఎస్సైని అడిగాను: "సార్, చలానా ఎంత?"

ఆయన నాకంటే పదేళ్లు పెద్ద ఉంటాడు. రాస్తున్న పెన్ను ఆపి, తాపీగా చెప్పాడు. "చలానా కాదు సార్ ఇది. అరెస్టు. రైల్వే చట్టం సెక్షన్ 147. కోర్టుకు పోవాలె."

అరెస్టు అన్న మాట నాకు పట్టాల మీద గానీ, వరసలో నడిచినప్పుడు గానీ తట్టలేదు. ఆ టేబుల్ దగ్గర వినబడగానే చెవుల్లో రైలు కూతలాంటిది మోగింది. 1989 రైల్వే చట్టం ప్రకారం అనుమతి లేకుండా రైల్వే స్థలంలోకి పోవడం నేరం. ఆరు నెలల దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. పాస్ ఉంది కదా అని జేబులోంచి తీసి చూపించాను. పాస్ రైలెక్కడానికి, ప్లాట్‌ఫాం మీద నడవడానికి. పట్టాల మీద నడవడానికి కాదు. ఆ మాట ఆయన కసురుకోకుండానే చెప్పాడు.

నాకు అప్పటిదాకా ఆర్పీఎఫ్‌కూ జీఆర్పీకీ తేడా కూడా తెలియదు. జీఆర్పీ అంటే రాష్ట్ర పోలీసులే, రైళ్లలో దొంగతనాలు, కొట్లాటలు చూస్తారు. ఆర్పీఎఫ్ కేంద్రానిది, రైల్వే ఆస్తినీ ప్రయాణికులనూ కాపలా కాసే బలగం. పట్టాలు దాటడం, ఊరికే చైన్ లాగడం, ఆడవాళ్ల పెట్టెలో మగవాళ్లు ఎక్కడం లాంటి కేసుల్లో వారంటు లేకుండా పట్టుకొని రైల్వే మేజిస్ట్రేటు ముందు పెట్టే అధికారం వాళ్లకుంది. మేజిస్ట్రేటు కోర్టు కాజీపేటలోనే ఉంది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. గ్రూప్-4 కోసం పాలిటీ బిట్లు బట్టీ పడుతున్నవాణ్ని. రాజ్యాంగంలో ఆర్టికల్ 22: అరెస్టు కారణం చెప్పాలి, వకీలును సంప్రదించుకునే హక్కు ఉంది, 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి, అందులో ప్రయాణ సమయం కలపరు. ఈ "ప్రయాణ సమయం కలపరు" అన్నది బిట్లో మెలిక పెట్టడానికి ఇష్టంగా వాడుకునే ముక్క. అది కరెక్టుగా పెట్టి మార్కు తెచ్చుకున్నవాణ్ని, ఆ 24 గంటలు ఇప్పుడు నాకే మొదలయ్యాయని అర్థం కావడానికి ఐదు నిమిషాలు పట్టింది.

తర్వాత అంతా కాగితాలే. పేరు, తండ్రి పేరు, వయసు, వృత్తి, ఊరు, పుట్టుమచ్చలు. నాకు ఎడమ మెడ మీద ఒకటుంది, రెండోది వెతకడానికి మోచేతులు తిప్పి చూసుకున్నాను. అరెస్టు మెమో రాశారు. ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు పట్టుకున్నారో అందులో ఉంది, కింద సాక్షి సంతకం, నా సంతకం. ఈ మెమో, ఇంట్లోవాళ్లకు కబురు చెప్పడం, ఇవన్నీ 1996లో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు పెట్టిన నియమాలు. అదీ బిట్టే.

జేబులు ఖాళీ చేయమన్నారు. ఉన్నదంతా టేబుల్ మీద పెట్టాను. ఒక్కొక్కటి చూసి రాసుకుంటున్నాడు ఒక కుర్ర కానిస్టేబులు. ఫోను ఒకటి. రైలు పాస్ ఒకటి. నూట నలభై రూపాయలు. ఎర్ర పెన్ను ఒకటి. ఆధార్ కార్డు ఒకటి. చొక్కా జేబులోంచి సున్నం పొడితో పాటు రెండు ముక్కలు రాలాయి. వాటిని వేలితో దొర్లించి చూసి, "ఇవేంది?" అన్నాడు. "చాక్‌పీసులు." ఒక క్షణం ఆగి, రాశాడు: చాక్‌పీసులు-2. ఏఎస్సై అప్పుడు తలెత్తి చూశాడు.

"ఏం సారు మీరు?"

"లెక్కలు సార్."

"మరి గంటకు డెబ్బై రెండు కిలోమీటర్ల స్పీడుతో వచ్చే బండి సెకనుకు ఎంత దూరం వస్తది?"

"ఇరవై మీటర్లు."

"మీరు ఆ పట్టా దాటడానికి?"

నేను జవాబు చెప్పలేదు. ఆ లెక్క నేను ఏటా ఎనిమిదో తరగతికి చెబుతాను. బోర్డు మీద రైలు బొమ్మ కూడా గీస్తాను. ఆయన ఇంకేం అనలేదు, తర్వాతి మనిషిని పిలిచాడు. నాకు ఆ రోజు పడ్డ దెబ్బ అదొక్కటే.

ఎవరికైనా చెప్పుకోవాలంటే చెప్పుకోమని ఫోను చేతికిచ్చారు. మొదట స్కూలుకు చేశాను. కడుపునొప్పి అన్నాను. గుడ్ మార్నింగ్ పిల్లాడు అప్పటికే స్కూలుకు చేరి ఉంటాడన్న ఆలోచన నాకు రాలేదు. రెండోది ఇంటికి చేయాలి. చేయలేకపోయాను. మా అమ్మ పెరిగిన కాలంలో ఈ జిల్లా పల్లెల్లో "పోలీసోళ్లు పట్టుకపోయిండ్రు" అంటే దానర్థం వేరు. అన్నలకు, అంటే నక్సలైట్లకు, అన్నం పెట్టారనో, దారి చూపించారనో అనుమానంతో జీపులో ఎక్కించుకుపోయిన మనిషి ఎప్పుడొస్తాడో, ఎలా వస్తాడో తెలిసేది కాదట. ఊర్లో జీపు శబ్దం వినిపిస్తే మొగవాళ్లు మక్కచేన్లలోకి పోయేవాళ్లని చిన్నప్పటి నుంచి విన్నాను. అలాంటి మనిషికి ఫోన్లో ఆ మాట చెప్పడం కుదరదు.

మా మేనమామకు చేశాను. ఆయన కాజీపేటలోనే, దర్గా వైపు ఉంటాడు. విషయం చెప్పగానే అవతల ఒక నిమిషం దాకా నవ్వే. "మనింట్ల రెండో అరెస్టు, అల్లుడా" అన్నాడు.

మొదటిది ఆయనదే. 2011 సెప్టెంబరులో, సకల జనుల సమ్మె నడుస్తుండగా రైల్ రోకోలో పట్టాల మీద కూర్చొని పట్టుబడ్డాడు. ఇదే సెక్షన్ ఆయన మీదా పడింది, దాంతోపాటు ఇంకొన్ని. ఆ రోజు పేపర్లో వచ్చిన ఫొటోలో ఆయన భుజం, సగం చెవి కనబడతాయి. అది కత్తిరించి ఫ్రేం కట్టించి, షోకేసులో కప్పుల పక్కన పెట్టుకున్నాడు. ఆ తర్వాత వాయిదాలకు తిరిగి తిరిగి కోర్టు మెట్లు అరిగిపోయాయని కూడా ఆయనే చెబుతాడు, కానీ ఫొటో గురించి చెప్పినంత గట్టిగా చెప్పడు.

అరగంటలో ఆధార్ కార్డు, ఇంటి పన్ను రసీదు, ఫ్లాస్కులో టీ పట్టుకొని వచ్చాడు. అనుభవం ఉన్న మనిషి. టీ మాకే కాక కానిస్టేబుళ్లకు కూడా పోయబోయాడు, వాళ్లు వద్దన్నారు. ఏఎస్సై మా ఇద్దరికీ దారులు రెండని చెప్పాడు. ఇది జామీను ఇవ్వదగ్గ కేసు. మామ పూచీ మీద ఇప్పుడే వెళ్లిపోవచ్చు, కోర్టు నుంచి సమన్లు వచ్చినప్పుడు హాజరు కావాలి. లేదంటే ఇవాళ కోర్టు ఉంది, మధ్యాహ్నం అందరితో పాటు పోవచ్చు.

మామ నన్ను పక్కకు పిలిచాడు. "జామీను తీసుకోరా. వకీలును ఒక మాట అడుగుదాం. నువ్వు నౌకరీలకు పరీక్షలు రాస్తున్నవు. తొందరపడకు."

బెంచీ మీద నా పక్కన కూర్చున్న పాల క్యాన్లాయన అది విన్నాడు. ఆయనకిది మూడోసారట. "ఏం లేదు సారూ. ఒప్పుకుంటే ఐదు నిమిషాల పని. ఫైన్ కట్టుడు, ఇంటికి పోవుడు" అన్నాడు. నాకు ఆ మాటే నచ్చింది. సమన్లంటే ఇంకో రోజు సెలవు. ఇంటికి కాగితం వస్తుంది, అమ్మ చూస్తుంది. ఇవాళే తెంపేసుకుందాం అన్నాను. మామ ఫ్లాస్కు మూత బిగించుకున్నాడు, ఇంకేం మాట్లాడలేదు.

పన్నెండు దాటాక టిఫిన్ బాక్సు తిననిచ్చారు. బెండకాయ కూర, పెరుగన్నం. పక్కన కాకరకాయల గంపతో వచ్చిన ఒక ముసలాయన ఏమీ తెచ్చుకోలేదు. సగం ఆయనకు పెట్టాను. ఆయన దిగులు అరెస్టు గురించి కాదు, గంప గురించి. మార్కెట్లో పొద్దుటి బేరం అయిపోయింది, సాయంత్రానికి కాయ వడలిపోతుంది. డిగ్రీ చదివే పిల్లాడొకడు ఏడుస్తూనే ఉన్నాడు. చెవుల్లో పెట్టుకునే ఇయర్‌ఫోన్లు కూడా వాడి కాగితంలో రాశారు. ఇంకొకతను పెయింటింగ్ పనికి బీహార్ నుంచి వచ్చినవాడు. హిందీలో రాసిన కాగితం ఇస్తే మూడుసార్లు చదువుకొని సంతకం పెట్టాడు. మా అందరిలో కాగితం చదివి సంతకం పెట్టింది అతనొక్కడే.

కోర్టు సంగతి చెప్పడానికి ఎక్కువేం లేదు. వరండాలో గంటన్నర నిలబడ్డాం, లోపల ఒక్కొక్కరికి రెండు నిమిషాలు. అటెండరు పేరు పిలుస్తాడు. మేజిస్ట్రేటు తెలుగులోనే, నింపాదిగా అడిగారు: ఫలానా తేదీన, ఫలానా చోట పట్టాలు దాటారని నీ మీద కేసు, ఒప్పుకుంటున్నావా, ఎవరైనా బలవంతం చేశారా. ఆ రెండో ప్రశ్న అడుగుతారని నాకు తెలియదు. లేదన్నాను. ఒప్పుకుంటున్నానన్నాను. ఒప్పుకోకపోతే సాక్షులు, వాయిదాలు, విచారణ. అది కూడా చెప్పారు. ఐదు వందల జరిమానా, కట్టకపోతే కొన్ని రోజులు సాదా జైలు. నా దగ్గర ఉన్నది నూట నలభై. మిగతాది మామ ఇచ్చాడు.

పాల క్యాన్లాయనకు జరిమానాతో పాటు కోర్టు లేచేదాకా వెనక బెంచీ మీద కూర్చొమ్మని శిక్ష పడింది. కాకరకాయల ముసలాయన దగ్గర రెండు వందల పైన లేవు. ఆయన గొంతు పెగలక నిలబడితే, పాల క్యాన్లాయనే వెనక నుంచి మూడు వందలు అందించాడు. దయ అనుకున్నాను. సాయంత్రం బయటికి వచ్చాక చూస్తే గంపలోంచి కాకరకాయలు తన ఖాళీ క్యానులోకి వంచుకుంటున్నాడు, తూకం లేకుండా.

రసీదు చేతికొచ్చేసరికి నాలుగయింది. ఫోను, పెన్ను, పాస్, చాక్‌పీసులు అన్నీ సరిచూసి సంతకం పెట్టించుకొని తిరిగి ఇచ్చారు. ఒకటి విరిగి మూడు ముక్కలయ్యాయి.

రాత్రి అమ్మకు చెప్పాను. దాస్తే ఎట్లాగూ మామ చెప్పేస్తాడు. అన్నం కలుపుతున్న చెయ్యి ఆగిపోయింది. అడిగింది ఒకటే మాట: "కొట్టిన్రా బిడ్డా?" లేదమ్మా, టిఫిన్ కూడా తిననిచ్చారు అన్నాను. నమ్మలేదు. నీళ్లు కాగబెట్టాను స్నానం చెయ్యిపో అంది, స్నానానికి చొక్కా విప్పితే వెనక నుంచి వచ్చి లైటు వేసి వీపు చూసి వెళ్లింది.

మర్నాడు స్కూల్లో కడుపునొప్పి గురించి ఎవరూ అడగలేదు. తొమ్మిదో తరగతిలో అడుగు పెట్టగానే అందరూ మామూలుకంటే గట్టిగా గుడ్ మార్నింగ్ చెప్పారు. హెడ్మాస్టరు గదిలోకి పిలిచి, ఒక రోజు జీతం పోతుందన్నాడు. అంతటితో వదిలేశాడు.

ఇదంతా మర్చిపోయేవాణ్నే. 2023 జూలై 1న పరీక్ష రాశాను. మంచి మార్కులొచ్చాయి. 2024లో సర్టిఫికెట్ల వెరిఫికేషన్‌కు పిలుపు వచ్చింది, అటెస్టేషన్ ఫారం రెండు కాపీలు నింపుకొని రమ్మని. ఇంట్లో కూర్చొని నింపుతున్నాను. చదువు, ఊళ్లు, తండ్రి వివరాలు అన్నీ అయ్యాక ఒక ప్రశ్న: మీరెప్పుడైనా అరెస్టయ్యారా, మీ మీద కేసు నడిచిందా, కోర్టు జరిమానా గానీ శిక్ష గానీ వేసిందా? అవును/కాదు. పైన హెచ్చరిక కూడా ఉంది, తప్పుడు సమాచారమిస్తే, దాచిపెడితే ఉద్యోగానికి అనర్హులని.

పెన్ను చేతిలో పెట్టుకొని చాలాసేపు కూర్చున్నాను. ఐదు వందల జరిమానా ఎవరు చూస్తారు, కాదు అని టిక్కు పెట్టెయ్యి అన్నాడు ఒక ఫ్రెండు. ఇంకొకడు, రాస్తే నౌకరీ పోయినట్టే అన్నాడు. ఇద్దరూ నాతోపాటు గ్రూప్-4 రాసినవాళ్లే, ఇద్దరూ నా మంచి కోరేవాళ్లే.

మామ నన్ను హన్మకొండలో అదాలత్ దగ్గర, అంటే జిల్లా కోర్టులో, తనకు తెలిసిన వకీలు మేడం దగ్గరికి తీసుకుపోయాడు. రోజూ ఆటోలో ఆ కోర్టు ముందు నుంచే పోయేవాణ్ని, లోపలికి పోవడం అదే మొదటిసారి. ఆవిడ రసీదు చూసి, "ఒప్పుకున్నవా?" అంది. ఒప్పుకున్నానన్నాను. "ట్రాఫిక్ చలానా కట్టినట్టు అనుకున్నవు గదా? కోర్టు వేసింది వంద రూపాయలైనా సరే, అది శిక్షే. కన్విక్షన్."

అప్పుడు తెలిసింది నాకు, నేనా రోజు ఐదు నిమిషాల్లో ఏం తెంపుకున్నానో.

ఆవిడ ఇంకో సంగతి చెప్పింది. 1958 నాటి ప్రొబేషన్ చట్టం ఒకటుంది. ఇలాంటి చిన్న నేరాల్లో, అంతకుముందు శిక్ష పడని మనిషి అయితే, మందలించి వదిలేసే వీలు దాని మూడో సెక్షన్ కోర్టుకు ఇస్తుంది. అలా వదిలేస్తే, శిక్ష వల్ల వచ్చే అనర్హతలు అంటవని పన్నెండో సెక్షన్. ఇస్తారో లేదో మేజిస్ట్రేటు ఇష్టం, కానీ అడగడానికి ఖర్చేం లేదు. నేను అడగలేదు, ఎందుకంటే నాకు తెలియదు. మామ జామీను తీసుకొని వకీలును అడుగుదామన్నప్పుడు విని ఉంటే తెలిసేది. ఈ మాట వకీలు మేడం ముందు మామ అనలేదు. బయట ఛాయ్ తాగేటప్పుడు అన్నాడు, రెండుసార్లు.

ఫారం సంగతికి ఆవిడ జవాబు సూటిగా ఉంది. అవును అని రాయి. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది, అరెస్టు గురించీ కేసు గురించీ నిజమే రాయాలని. నిజం రాసినంత మాత్రాన ఉద్యోగం ఇచ్చి తీరాలని కాదు. నేరం ఎలాంటిదో చూసి నిర్ణయించే హక్కు ఇచ్చేవాళ్లకు ఉంటుంది. పట్టాలు దాటడం లాంటిదాన్ని దాచి దొరికిపోతే మాత్రం, పట్టాలు పక్కకు పోయి అబద్ధమే కేసవుతుంది. అవును అని రాసి, కోర్టు తీర్పు సర్టిఫైడ్ కాపీ, జరిమానా రసీదు జత చెయ్యమంది.

సర్టిఫైడ్ కాపీ కోసం మళ్లీ కాజీపేట. అప్లికేషన్, స్టాంపులు. కేసు నంబరు రసీదు మీద ఉంది కాబట్టి పని సులువైంది. ఆ రసీదు నేను దాచలేదు. 2023 ఫిబ్రవరిలో నా చేతిలోంచి తీసుకొని మామ తన ట్రంకు పెట్టెలో, 2011 నాటి తన కోర్టు కాగితాల కట్టలో కలిపి పెట్టాడు. అది చినిగినా పోయినా నేను వెతుక్కునేవాణ్ని కూడా కాదు.

ఫారంలో ఆ ప్రశ్న కింద రాయడానికి ఒకటిన్నర గీత జాగా ఉంది. "అవును. రైల్వే చట్టం సె. 147. పట్టాలు దాటినందుకు. జరిమానా రూ. 500. కాపీ జతపరిచాను." రెండు కాపీల్లోనూ అదే రాశాను. రెండో దాంట్లో అక్షరాలు ఇరుకై అంచు మీదికి ఎక్కాయి.

వెరిఫికేషన్‌కు నాంపల్లికి మామ కూడా వచ్చాడు, వద్దన్నా వినలేదు. బయట చెట్టు కింద కూర్చున్నాడు. లోపల టేబుల్ దగ్గర నా ఫారం చూసినాయన ఆ గీత దగ్గర వేలు ఆపాడు. నా గుండె ఆగినంత పనైంది.

"147 అంటే ఏంది?"

"పట్టాలు దాటిన సార్. కాజీపేటలో."

"కాగితాలు పెట్టినవా?"

"పెట్టిన సార్."

తిప్పి చూసుకున్నాడు. పిన్ను సరిగ్గా కుదరలేదని తీసి మళ్లీ కొట్టాడు. తర్వాతి నంబరు పిలిచాడు. నియామక పత్రం 2024 డిసెంబరులో వచ్చింది. మధ్యలో ఆ నెలలన్నీ నేను ఎలా నిద్రపోయానో మా అమ్మనడగాలి.

నాంపల్లి నుంచి ఆ రాత్రి తిరిగి వచ్చేటప్పుడు మామ ఇంట్లోనే పడుకుందామని కాజీపేటలో దిగాం. బండి మళ్లీ దూరపు ప్లాట్‌ఫాం మీదికే వచ్చింది. పదకొండు దాటింది, జనం లేరు. ఇటు చివర ఒక కుక్క పడుకొని ఉంది, అటు ఒకటో నంబరు మీద ఖాళీ బెంచీలు. మధ్యలో పట్టాలు లైట్లకు మెరుస్తున్నాయి. మామ అంచు దాకా పోయి, అటూ ఇటూ చూసి, "ఎవ్వల్లేరు గదరా" అన్నాడు.

నేను వంతెన వైపు నడిచాను. వెనక నుంచి గొణుక్కుంటూ వచ్చాడు. సగం మెట్లెక్కాక రెయిలింగ్ పట్టుకొని ఆగిపోయాడు.

"రెండు రోజులు పట్టాల మీద కూసున్నప్పుడు సుత నొయ్యలే ఈ మోకాళ్లు" అన్నాడు.